రెండో అంతస్తు కుర్చీ

మంచం పక్కన మోకాళ్లు వంచి, ఒక చెయ్యి ఆమె వీపు కిందికి, ఇంకో చెయ్యి మోకాళ్ల కిందికి పోనిచ్చి అతను ఆగాడు. రోజూ ఇక్కడే ఆగి ఊపిరి కూడదీసుకుంటాడు. ఆమె అతన్ని చూస్తోంది. గోడ మీది తడి మచ్చను చూసినట్టు చూస్తోంది.

"ఎవరు?" అంది.

చెప్తే లాభం లేదని అతనికి ఎప్పుడో తెలిసింది. మెల్లగా పైకి ఎత్తాడు. ఎముకల బరువు తప్ప ఇంకేం మిగల్లేదు ఆమెలో. తల వాలి అతని భుజం మీద పడింది. ముక్కు మెడ పక్కన ఆనింది. రాత్రంతా పోసిన చెమట అక్కడ ఇంకా జిగటగానే ఉంది.

"ఏ అంతస్తమ్మా?" అన్నాడు.

ఆమె వేళ్లు వెనకనుంచి అతని చొక్కాను పట్టుకున్నాయి.

"నువ్వా," అంది. "ఎంతసేపయ్యా మనిషిని నిలబెట్టడం? రెండో అంతస్తు."

"లోపలికి జరగండి. తలుపు వేస్తున్నా."

"వెయ్యి. నా వేలు పడేను, చూసి వెయ్యి."

మంచం నేల అంతస్తు. నీళ్ల గది మొదటిది. కిటికీ దగ్గర కుర్చీ రెండోది. కాళ్లు పడిపోయిన కొత్తలో ఆమే పెట్టిన పేర్లివి. మొగుడు లిఫ్టులో ఊరందరినీ ఎత్తి దించుతాడు, నన్నడగడానికి నోరు నొప్పా, అడిగి ఎత్తు అనేది. ఆ తర్వాత మతి కూడా జారిపోయింది. మొదట పక్కింటివాళ్ల పేర్లు పోయాయి. తర్వాత సొంత చెల్లెలి ముఖం. ఆఖరికి అతనూ పోయాడు. ఈ ఆట మాత్రం మిగిలింది. 'ఏ అంతస్తు' అనగానే ఆమెకు తను గుర్తొస్తాడని అతని నమ్మకం. ఆ మాటను తాళంచెవిలా దాచుకున్నాడు. డాక్టరుకు కూడా చెప్పలేదు.

కుర్చీలో పాత దిండు ఉంది. ఆమె కూర్చుని కూర్చుని అందులో పల్లం పడింది. ఆ పల్లంలో దించాడు. పాలలో రొట్టె నానబెట్టి తినిపించాడు. రెండు ముద్దలకే ఆమెకు ఆయాసం వచ్చింది. గుండెలోంచి పాత తలుపు తెరిచిన చప్పుడు వచ్చింది. మొన్న డాక్టరు అతన్ని బయటికి పిలిచి చెప్పాడు. "గుండె అలిసిపోయింది పెద్దాయనా. మందులతో అయ్యేది ఇంక పెద్దగా లేదు. కంగారు పెట్టకండి, అంతే." దానికి అతను తల ఊపాడు. ఆవిడను కంగారు పెట్టేవాళ్లెవరున్నారు అనుకున్నాడు.

ఎదురుగదిలో కుట్టుపని చేసే ఆమె తలుపు తీసిపెట్టి, మిషను గుమ్మానికి ఎదురుగా జరుపుకుంది. పగలంతా అక్కణ్నుంచే ఓ కన్నేసి ఉంచుతుంది. ఆమె అతన్ని అన్నయ్యా అంటుంది, ఆవిడను వదినా అంటుంది. ఏ వరసా లేదు. గుమ్మాలు ఎదురెదురుగా ఉండటమే వరస.

"వెళ్లిరా అన్నయ్యా. ఇవాళ ఎండ బాగుంది, పక్కబట్టలన్నీ ఉతికేస్తా."

"నీకెందుకమ్మా శ్రమ."

"నీళ్లొస్తున్నప్పుడు శ్రమేముంది," అని నవ్వింది.

అతను మెట్లు దిగాడు. వాళ్లుండేది ఆ పాత కట్టడంలో అన్నిటికన్నా పైన. లిఫ్టు నడిపేవాడి కొంపకు లిఫ్టు లేకపోవడమేంటని ఆమె మతి ఉన్న రోజుల్లో వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పి నవ్వేది. పెళ్లైన కొత్తలో అతని తల్లి ఆమెను గదమాయించింది. మొగుణ్ని 'నువ్వు' అంటావేంటే, 'మీరు' అనలేవా అని. "ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అందరూ అతన్ని నువ్వనే అంటారత్తా," అంది ఆమె. "నేనొక్కదాన్ని మీరంటే మనిషికి కాళ్లు నేల మీద ఆనవు." అత్త నోరు మూసుకుంది. అతను గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆనాటినుంచి ఈనాటిదాకా ఆమె నోట అతనికి మీరు లేదు.

పనిచేసే చోట, కరెంటు మీటర్లుండే కింది గదిలో, అతను సంచిలోంచి డబ్బా తీశాడు. నిన్న సాయంత్రం ఇచ్చారు. రాత్రి ఇంట్లో తియ్యడానికి సిగ్గేసింది.

ఇచ్చింది సూపర్‌వైజరు. చిన్నవాడు. చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"ఏమీ అనుకోకు బాబాయ్. పైవాళ్లు... అందరూ అని కాదు. లోపల గాలాడదు కదా. ఇది రోజూ కొట్టుకో. లేకపోతే ఈ చేతితలుపు లిఫ్టే తీసేసి బటన్లది పెడతామంటున్నారు. అది పెడితే ఇంక మనిషెందుకు, చెప్పు."

"ఫ్యాను?" అన్నాడు అతను.

"రాసి పంపించా బాబాయ్. వస్తుంది."

లిఫ్టులో ఫ్యాను కాలిపోయి ఎన్ని ఎండాకాలాలైందో. అతను తల ఊపి డబ్బా పుచ్చుకున్నాడు.

డబ్బా సన్నగా, నల్లగా, పట్టుకుంటే చల్లగా ఉంది. మీద ఒక మగవాడి బొమ్మ. చొక్కా లేకుండా చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు, బస్సు ఆపుతున్నట్టు. రాసిన అక్షరాలు అతనికి రానివి. మూత తీశాడు. దోమల మందు లాంటిదే కదా అనుకుని పైన నొక్కాడు. బుస్సుమంది. కన్నం తనవైపే ఉంది. ముక్కులోకీ నోట్లోకీ పోయింది. వరసపెట్టి తుమ్మాడు. నాలుక చేదెక్కింది.

"ఎవరది లోపల? ఏం కాలింది?" అంటూ మెట్లు తుడిచే ఆమె బకెట్టుతో సహా వచ్చింది. అతని చేతిలోకి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నోట్లో కాదన్నా. చంకలో."

"కొట్టుకోవాలంట."

"ఫ్యాను అడిగితే ఇదిచ్చారా? ఆకలేస్తోందంటే పళ్లు తోముకోమన్నట్టుంది." బకెట్టు కింద పెట్టింది. "సరే, ఇచ్చాక వదలకు. జానెడు దూరంలో పెట్టి కొట్టు. మా అల్లుడు కొట్టుకుంటాడు. వాడికంటే వాడి వాసన ముందొస్తుంది. పని మాత్రం వెనకాలైనా రాదు. అటు తిరుగుతున్నా, కానియ్."

ఆమె అటు తిరిగింది. అతను చొక్కా గుండీలు విప్పి, బొమ్మలో మనిషిలాగే చెయ్యెత్తాడు. చలికాలం పొద్దున నీళ్లు పడ్డట్టు ఝల్లుమంది. వెంటనే సన్నగా మంట. రెండో వైపూ కొట్టాడు. గదిలో లిఫ్టు నూనె వాసన పోయి, ఏవో తెలియని పూల వాసన, కొత్త కాగితాల వాసన కలిసి వచ్చింది.

"పెళ్లికొడుకువే," అంది ఆమె తిరిగి. "ఇంటికెళ్తే వదిన చూసి పడిపోతుంది."

"ఆవిడ పడే ఉంది," అన్నాడు అతను.

ఆమె నాలుక కరుచుకుని బకెట్టు ఎత్తుకుంది.

లిఫ్టు మూలన స్టూలు. స్టూలు మీద అతను. కటకటాల తలుపు లాగి, మీట తిప్పి, మళ్లీ తలుపు తీసి. ఇదే పని. నలుగురెక్కితే అయిదో మనిషి పక్కకు తిరిగి నిలబడాలి. ఎవరు ఏ అంతస్తుకో అడగక్కర్లేదు, చెప్పుల చప్పుడు చాలు. ఎవరు ఎక్కడ ఊపిరి బిగబడతారో, ఎక్కడ దిగి గట్టిగా వదులుతారో కూడా తెలుసు. గాలాడక అనుకునేవాడు. అది తనవల్ల అని నిన్ననే తెలిసింది. ఇన్నేళ్లూ మనుషులు తన పక్కన ఊపిరి దాచుకుని నిలబడ్డారు. రాత్రి నిద్రపట్టనిది ఉక్కకు కాదు, ఈ ఆలోచనకు.

ఇవాళ ఎవరూ బిగబట్టలేదు.

నాలుగో అంతస్తు కళ్లద్దాలావిడ ఎప్పుడూ రుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని ఎక్కుతుంది. జలుబు మనిషి అనుకునేవాడు. ఇవాళ కూడా రుమాలు తీసింది. ముక్కుదాకా వచ్చిన చెయ్యి ఆపి, రుమాలు మడతపెట్టి సంచిలో పెట్టేసింది. కాస్త దగ్గరగా జరిగింది.

"మీరు చాలా కాలంగా చేస్తున్నారా ఇక్కడ?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. వెనక అద్దం, అద్దంలో తనూ తప్ప ఎవరూ లేరు.

"నన్నా?"

"మిమ్మల్నే."

"ఈ తలుపుకి రంగున్నప్పట్నుంచి," అన్నాడు.

ఆవిడ నవ్వింది. దిగేటప్పుడు, "థాంక్సండీ," అని కూడా అంది. అతను తలుపు వెయ్యడం మర్చిపోయి, కింద ఎవరో గంట కొడితే ఉలిక్కిపడి వేశాడు.

ఆ తర్వాత రోజంతా ఆ మాటను బుగ్గన పెట్టుకున్న బిళ్లలా చప్పరిస్తూనే ఉన్నాడు. మిమ్మల్నే. సాయంత్రం ఇంట్లో ఆవిడకు చెప్పాలి. అర్థమైనా కాకపోయినా చెప్పాలి. 'నీ మొగుణ్ని మీరన్నారే' అనాలి. మతి ఉంటే ఏమనేదో కూడా తెలుసు. 'ఆవిడకు కళ్లజోడు మార్చమను' అనేది.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. లిఫ్టు పొయ్యిలా కాగింది. చెమట పట్టింది గానీ దానికి తన వాసన లేదు. చంకలో ఇంకెవరో వచ్చి కూర్చున్నట్టుంది. కొత్త చెప్పుల్లాగే ఇదీ అలవాటవుతుందిలే అనుకున్నాడు.

ఒకప్పుడు ఆలుమగలిద్దరూ బజారులో నడుస్తుంటే ఆమె ఒక అద్దాల కొట్టు ముందు ఆగిపోయింది. లోపల సెంటు సీసా. బొటనవేలంత ఉంది, మెడలో బంగారు దారం. అతను నడుస్తూ ముందుకెళ్లి, వెనక్కి చూస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది. వెనక్కి వచ్చి పక్కన నిలబడ్డాడు. కొందామనలేదు, వద్దనలేదు. ఆమే కదిలింది. "నాకెందుకయ్యా సీసా, పక్కన నువ్వు లేవూ. నీ చెమటయితే దొంగలెత్తుకుపోరు," అంది. తన పరువు కాపాడటానికి అలా అందని అతను అనుకున్నాడు. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాడు. ఆ సీసా ముందు ఆగిన మనిషి అతనికి కళ్లలోంచి పోలేదు.

అందుకే సాయంత్రం పని అయ్యాక మళ్లీ కింది గదికి వెళ్లాడు. ఎవరూ కొట్టుకోమనలేదు. చొక్కా విప్పి రెండు చంకల్లోనూ కొట్టుకున్నాడు. ఛాతీ మీద కొట్టుకున్నాడు. ఆమె తల ఆనే చోటు గుర్తొచ్చి మెడ పక్కన కూడా, చల్లటి నీళ్లు కారేదాకా కొట్టుకున్నాడు. డబ్బా చొక్కా జేబులో పెట్టుకుని, ఎండ తగలకుండా గోడల నీడన నడిచాడు. ఇంటికి చేరేదాకా వాసన చెదరకూడదని.

పైకి వచ్చేసరికి కుట్టుమిషను ఆగి ఉంది. ఎదురుగది ఆమె వీళ్ల గుమ్మంలో నిలబడి ఉంది.

"మధ్యాహ్నం నుంచి వదినకి నిలకడ లేదన్నయ్యా. రోజూలాగే పట్టుకుని మంచం మీదికి చేర్చాను. అప్పట్నుంచీ దేనికోసమో వెతుకుతోంది. దిండు తిప్పుతుంది, దుప్పటి లాగుతుంది. శుభ్రమైన పక్క మీద నిద్రపడుతుందనుకున్నా."

"నేనొచ్చాగా," అన్నాడు అతను.

పనినుంచి రాగానే ముందు ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం, తర్వాతే నీళ్లు పోసుకోవడం అతని అలవాటు. సాయంత్రం ఎండ కిటికీలోకి వచ్చేది కాసేపే. మోకాళ్లు వంచాడు. చేతులు కిందికి పోనిచ్చాడు. ఆమె గోడను చూసినట్టే చూసింది. ఎత్తాడు. తల భుజం మీదికి వాలింది. ముక్కు మెడకు ఆనింది.

"ఏ అంతస్తమ్మా?"

ఆమె ఒళ్లు కర్రలా బిగిసింది. తల వెనక్కి లాక్కుంది.

"ఎవరండీ మీరు?"

అతను ఆమెను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

"నేనే."

"మీరెవరో నాకు తెలీదు. దించండి. దించండి ముందు."

"నేనే. లిఫ్టు. ఏ అంతస్తు?"

"మీకెందుకు చెప్పాలి?" ఆమె చెయ్యి అతని ఛాతీ మీద తోసింది. దానిలో బలం లేదు, భయం ఉంది. జేబులోంచి డబ్బా జారి నేల మీద పడి, దొర్లుకుంటూ కుర్చీ కాలి దగ్గర ఆగింది. "మా ఆయనొస్తాడు. ఆయనొచ్చి ఎత్తుతాడు. మిమ్మల్నెవరు రమ్మన్నారు?"

అతను ఆమెను మంచం మీద దించాడు. ఆమె గోడవైపుకు జరగాలని చూసింది, జరగలేకపోయింది. గుండెలో ఆ పాత తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది.

"అన్నయ్యా," అంది గుమ్మంలో ఆమె. "ఏం పూసుకున్నావు?"

అతను డబ్బావైపు చూశాడు.

"అయ్యో," అంది ఆమె. "వదిన నిన్ను ముక్కుతో కదయ్యా చూసేది. నీకు తెలీదా? మంచం మీదికి చేర్చగానే నీ దిండు మీద మొహం పెట్టుకుని పడుకుంటుంది. దాని గలేబు కూడా ఇవాళ నేనే ఉతికి..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తాళంచెవి మాటలో లేదు.

నీళ్ల గదిలోకి వెళ్లి సబ్బు పెట్టి రుద్దుకున్నాడు. మెడ ఎర్రబడేదాకా రుద్దుకున్నాడు. పూలవాసన పోలేదు, సబ్బువాసన దానికి తోడొచ్చింది. బయటికి వచ్చేసరికి ఆవిడ ఎదురుగది ఆమెతో చెబుతోంది. "ఆయన లిఫ్టులో ఉండుంటాడు. తలుపు పట్టేసిందేమో. కాస్త కేకెయ్యమ్మా." ఒక్కో మాటకీ మధ్య ఆయాసం.

"నువ్విక్కడే ఉండు," అన్నాడు అతను ఎదురుగది ఆమెతో.

"ఎక్కడికన్నయ్యా?"

"చెమట పట్టాలి."

మెట్లు దిగాడు. అడుగుకు చేరి, మళ్లీ ఎక్కాడు. జీవితమంతా కూర్చుని మనుషుల్ని పైకి చేర్చినవాడు. మోకాళ్లు పట్టేశాయి. పైకి చేరి, గుమ్మం దాకా వెళ్లకుండా మళ్లీ దిగాడు. సాయంత్రపు గాలి మెట్లగూటిలోంచి వీస్తోంది. ఏ ఎండాకాలమూ రాని గాలి ఇవాళ వచ్చింది. చంకలు పొడిగానే ఉన్నాయి. ఊరికే కూర్చుంటే ధారలు కట్టే ఒళ్లు ఇప్పుడు మొండికేసింది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. చేతులు గోడకు పట్టి ఎక్కాడు, పరుగులాంటి నడకతో దిగాడు.

మొదటి అంతస్తులో ఒకాయన తలుపు తీసి చూశాడు.

"ఏమైనా పారేసుకున్నారా పెద్దాయనా?"

"ఆఁ," అన్నాడు అతను, ఆగకుండా.

నుదుటి మీద మొదట తడి తగిలింది. తర్వాత వీపు మీద. తర్వాత ఒక్కసారిగా విరగబడింది. కళ్లలోకి కారింది. చొక్కా ఒంటికి అంటుకుంది. మెడ మీద అరచెయ్యి రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పూలు ఇంకా ఉన్నాయి. వాటి కిందనుంచి పాత ఇనుములాంటి, తడి గోనెసంచిలాంటి వాసన పైకి వస్తోంది. జనం ఊపిరి బిగబట్టిన వాసన. ఇంకొక్కసారి ఎక్కితే చాలనుకున్నాడు.

"అన్నయ్యా." పైనుంచి పిలుపు. కేక కాదు. అందుకే అతను పరుగెత్తాడు.

ఎదురుగది ఆమె మంచం పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది. "నిన్నే అడుగుతూ ఉంది. ఇప్పుడిప్పుడే మాట తగ్గింది," అంది, లేచి పక్కకు జరుగుతూ.

అతను మోకాళ్లు వంచాడు. ఊపిరి కూడదీసుకోవడానికి ఆగలేదు. ఎత్తాడు. అతని గడ్డం మీంచి ఒక చుక్క ఆమె నుదుటి మీద పడింది. తల భుజం మీదికి వాలింది. ముక్కు మెడకు ఆనింది.

"ఏ అంతస్తమ్మా?"

ఆమె ఒక ఊపిరి లోపలికి తీసుకుంది. అంత పొడుగు ఊపిరి ఆమె ఈ మధ్యకాలంలో తియ్యలేదు. అతని మెడ మీద తడి ఆ గాలికి చల్లబడింది. వీపు మీద చొక్కాకు ఏదో తగిలినట్టయింది. ఆమె వేళ్లో, తడిసిన గుడ్డ అంటుకోవడమో తెలియలేదు. ఆ ఊపిరి బయటికి రావాలని అతను నిలబడి ఎదురుచూశాడు.

"లోపలికి జరగండి," అన్నాడు కాసేపటికి. "తలుపు వేస్తున్నా."

ఎదురుగది ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తోంది. అతను ఆవిడనెత్తుకుని మంచానికీ కుర్చీకీ మధ్య నిలబడే ఉన్నాడు.

"దించు అన్నయ్యా," అంది ఆమె చాలాసేపటికి.

"ఎక్కడ?" అన్నాడు.

అతనే నేల అంతస్తులో దించాడు. దుప్పటి సరిచేశాడు. ఉతికిన దుప్పటి, ఎండ వాసన వేస్తోంది. ఆవిడ అరచేతిని తన మెడ మీద పెట్టుకుని మంచం కోడు పక్కన కూర్చుండిపోయాడు.

కింది అంతస్తులవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. గది చిన్నది, అందరూ పక్కకు తిరిగి నిలబడ్డారు. మొదటి అంతస్తాయన కాలికి డబ్బా తగిలింది. తీసి చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న కుర్చీలో పెట్టాడు. కిటికీలోంచి ఆఖరి ఎండ కుర్చీ మీద పడుతోంది. దిండు పల్లంలో ఆ డబ్బా ఒక పక్కకు ఒరిగి, బయటికి చూస్తున్నట్టు కూర్చుని ఉంది.